గోడలూ కిటికీలూ కూడా వైద్యమే

ఆసుపత్రి అనగానే మన మనసు మొదట వైద్యుని మీదికి, ఆ తర్వాత మందుల మీదికి పోతుంది. కట్టడం మీదికి పోదు. కాని వార్డులో చేరిన రోగి రోజు మొత్తంలో వైద్యుని ఎదుట ఉండేది కొన్ని నిమిషాలే. మిగిలిన కాలమంతా అతడు ఆ గోడల మధ్యనే పడుకుంటాడు, ఆ గాలినే పీలుస్తాడు. అతని పక్కన నేల మీద చాప పరచుకున్న తల్లి గాని, భార్య గాని పీల్చేదీ ఆ గాలినే. అది మంచిగాలి అవుతుందా కాదా అనేది చాలావరకు పునాది వేయకముందు, కాగితం మీద గీత గీసిన నాడే నిర్ణయమైపోతుంది.

దాతల సొమ్ముతో దవాఖానా కట్టాలని తలపెట్టేవారు మన సమాజంలో ఉన్నారు. అది హర్షించదగిన విషయం. అయితే కమిటీ సమావేశాలలో చర్చ ముఖద్వారం ఎత్తు గురించి, పాలరాతి గురించి, ముందువైపు అద్దాల గురించి సాగినంతగా కిటికీల గురించి సాగదు. ఏ నిర్ణయం వల్ల రోగికి మేలు కలిగిందో పరీక్షించి తేల్చిన విషయాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. వాటి ఆధారంగా ఆసుపత్రిని రూపొందించే పద్ధతి ఒకటి కొన్ని దశాబ్దాలుగా బలపడుతున్నది. ఈ నెల దానిని పరిశీలిద్దాం.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. బాగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంచమని కోరినప్పుడు ప్రఖ్యాత వైద్యుడు అబూబక్ర్ అర్రాజీ నగరంలోని వేర్వేరు చోట్ల మాంసపు ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ మాంసం ఆలస్యంగా కుళ్ళిందో ఆ చోటును ఎంపిక చేశాడని ఒక వృత్తాంతం ఉంది. 13వ శతాబ్దపు వైద్య చరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబిఆ దానిని నమోదు చేశాడు. ఆ వృత్తాంతంలో పేర్కొన్న ఆసుపత్రి రాజీ మరణించిన అర్ధశతాబ్దం తర్వాత గాని వెలియలేదు గనుక చరిత్రకారులు దీనిని సంశయిస్తారు. అయినా కథలోని బుద్ధి స్వీకరించదగినదే. స్థలాన్ని హోదా చూసి కాక, పరీక్షించి ఎంచుకోవాలి.

ఇక మన తీరానికి వద్దాం. విశాఖపట్నంలోని రుషికొండ వద్ద ఒక ట్రస్టు 20 పడకల ఆసుపత్రి కట్టదలచిందని అనుకుందాం. ఒకవైపు కొండ, మరొకవైపు సముద్రం. ఆ ప్రాంతానికి వైద్యం కొత్త కాదు. గీతం వైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉంది. మన ఊహలోని ట్రస్టుకు మాత్రం డబ్బు పరిమితం. ప్రతి రూపాయినీ ఆలోచించి ఖర్చు చేయాలి.

మొదటి ప్రశ్న: వార్డులను ఏ వైపు తిప్పాలి? 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మందిని వయసు, స్త్రీపురుష భేదం మొదలైనవాటిని బట్టి జతలుగా చేర్చి పోల్చాడు. ప్రతి జతలో ఒకరి కిటికీ నుండి చెట్లు కనిపించేవి, మరొకరి కిటికీ నుండి ఇటుక గోడ. చెట్లు కనిపించినవారు సగటున 7.96 రోజులకు, గోడ కనిపించినవారు 8.70 రోజులకు ఇల్లు చేరారు. చెట్లు చూసినవారికి ఘాటైన నొప్పి మందుల అవసరం కూడా తగ్గింది. ఇది ఒక్క ఆసుపత్రిలో, కొద్దిమంది మీద జరిగిన పని. దాని మీద అన్నీ నిలబెట్టలేము. కాని సముద్రమూ పచ్చని కొండా ఉచితంగా లభించే చోట పడకలను వాటివైపు తిప్పడానికి అదనపు ఖర్చు ఏముంది? ఆ వైపు కార్యాలయపు గదులు పెట్టి, రోగులను వెనుక గోడకు అప్పగించడం మాత్రం అవివేకం.

రెండవ ప్రశ్న మొదటిదానికంటె ముఖ్యమైనది: గాలి. క్షయ, తట్టు వంటి వ్యాధులు గాలి ద్వారానే వ్యాపిస్తాయి. పెరూ రాజధాని లిమాలోని ఎనిమిది ఆసుపత్రులలో 70 గదులను కొలిచి 2007లో ప్రచురించిన ఒక పరిశోధన ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి. కిటికీలూ తలుపులూ తెరచిన గదులలో గంటకు 28 సార్లు గాలి మారగా, ఖరీదైన యంత్రాలతో గాలి పంపే ప్రత్యేక గదులలో 12 సార్లే మారింది. 1950కి ముందు కట్టిన ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీల గదులలో అది 40కి చేరింది. పాతకాలపు కట్టడం కొత్తదాన్ని ఓడించింది. కాని అవే కిటికీలు మూసినప్పుడు గాలి మార్పు దాదాపు ఆగిపోయింది. అంటే మేలు చేసేది తెరచి ఉన్న కిటికీయే. గోడలో కిటికీ ఉండి మూసి ఉంటే లాభం లేదు.

లిమా కూడా సముద్రతీర నగరమే. కాని రుషికొండ వేసవి ఉక్క అక్కడ ఉండదు. ఇక్కడ చల్లదనం కోసం ఏసీ పెట్టి అద్దాలు బిగిస్తారు. ఏసీ గదిని చల్లబరుస్తుంది, కాని మామూలు ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ఉన్న గాలినే తిప్పుతుంది. అందుచేత జనరల్ వార్డుకు ఎదురెదురు గోడలలో కిటికీలు, ఎత్తైన పైకప్పు, ఎండ పడకుండా వెడల్పైన చూరు అవసరం. పగలు సముద్రం నుండి, రాత్రి నేల నుండి వీచే గాలి ఆ కిటికీల గుండా దాటిపోతుంది. గాలి స్తంభించే వేళకు ఫ్యాన్లూ, గాలిని బయటికి లాగే పంకాలూ ఉండాలి. దోమల జాలీ తప్పదు. అది గాలిని కొంత అడ్డుకుంటుంది గనుక కిటికీని ఆ మేరకు పెద్దది చేయాలి. ఆపరేషన్ థియేటర్‌కు ఈ నియమం వర్తించదు. దానికి వడగట్టిన గాలే కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో జనరల్ వార్డుకు ప్రతి రోగికీ సెకనుకు 60 లీటర్ల గాలి, గాలి ద్వారా వ్యాపించే వ్యాధుల గదికి 160 లీటర్లు ఉండాలని సూచించింది. ఆ లెక్క రోగులను బట్టి వేసినది. మన వార్డులలో ప్రతి మంచం పక్కనా ఒకరో ఇద్దరో బంధువులు ఉంటారు. వారిని లెక్కలోకి తీసుకోకపోతే కాగితం మీద చాలిన గాలి వాస్తవంలో చాలదు.

రుషికొండకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఉప్పుగాలికి ఇనుప చట్రాలు తుప్పుపడతాయి. తుప్పుపట్టిన కిటికీ ముందు కిర్రుమంటుంది, తర్వాత బిగుసుకుంటుంది, చివరికి ఎవరూ తెరవరు. అప్పుడు లిమా పరిశోధన చెప్పిన మేలు అంతా పోతుంది. కాబట్టి తుప్పు పట్టని చట్రాలకు పెట్టే సొమ్మును అలంకారం కింద కాదు, అంటువ్యాధి నివారణ కింద లెక్కించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పు సైతం దెబ్బతిన్నది. నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి రోజున పూర్తిగా అద్దాలతో మూసిన వార్డులో గాలి ఎక్కడినుండి వస్తుంది? జనరేటరును నీరు చేరని ఎత్తులో ఉంచడం, తెరవగల కిటికీలకు గట్టి తలుపులు బిగించడం ఈ తీరంలో ప్రాథమిక అవసరాలు.

మూడవది, మన కుటుంబాలు ఎక్కువగా పట్టించుకునే విషయం: మరుగు. సాధారణంగా పరదా కట్టి చాలించుకుంటాము. తెర చూపును ఆపుతుంది, మాటను ఆపదు. అమెరికాలోని ఒక అత్యవసర విభాగంలో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, తెరల మధ్య ఉన్న రోగులలో కొందరు తమ జబ్బు వివరాలను కొంత దాచుకున్నట్లు తేలింది. గోడలున్న గదులలో ఆ పరిస్థితి కనిపించలేదు. ఒక స్త్రీ తన బాధను పక్క మంచంవారు వింటారని సగమే చెబితే వైద్యుడు సగం జబ్బుకే మందిస్తాడు. అందుచేత స్త్రీల పరీక్ష గదికి నిండు గోడ, తలుపు ఉండాలి. ఇది కేవలం మర్యాదకు సంబంధించినది కాదు, రోగ నిర్ధారణకు సంబంధించినది.

ఆధారాలు కొన్నిసార్లు అసలు కట్టవద్దని కూడా చెబుతాయి. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, ఆహారం కోసం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం ప్రారంభమయింది. ఎందరో తెలుగువారు అక్కడ చికిత్స పొందారు. తర్వాత మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులలో కొందరిని శానిటోరియంలోను, కొందరిని వారి ఇరుకు ఇళ్ళలోను ఉంచి, ఒకే మందులు ఇచ్చి పోల్చింది. 1959లో ఫలితం వెలువడింది: ఇంట్లో మందులు వాడినవారికీ దాదాపు అంతే నయమయింది, వారి కుటుంబసభ్యులకు వ్యాధి అదనంగా సోకలేదు. ఇక వేలాది పడకలు కట్టవలసిన అవసరం లేదని, మందు ఇంటికి చేర్చడమే మార్గమని ప్రపంచం గ్రహించింది. ఆరోగ్యవరం నేడు సాధారణ వైద్య కేంద్రంగా సేవలందిస్తున్నది. మన ట్రస్టు కూడా ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి: ఈ ప్రాంతానికి కావలసింది 20 పడకలా, లేక పరీక్షలు చేసి మందులిచ్చే నాలుగు గదులా?

కనుక కట్టడం తలపెట్టిన పెద్దలకు మేము సూచించేది ఇది. ప్రతి నిర్ణయానికీ, దీనివల్ల రోగికి మేలు కలిగిందని ఎక్కడ తేలింది, అక్కడి పరిస్థితి మనదాన్ని పోలినదా అని ఇంజనీరును అడగండి. పునాదికి ముందు చెక్కలతో, గుడ్డలతో ఒక నమూనా గది నిలబెట్టి, స్ట్రెచర్ తిరుగుతుందో లేదో నర్సులను చూడమనండి. కట్టడం పూర్తయి రోగులు చేరాక కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరంతో వార్డులో గాలిని పరీక్షించండి. అంకె పెరుగుతూ పోతే కిటికీలు పనిచేయడం లేదని అర్థం. తెలిసిన లోపాన్ని తదుపరి కట్టేవారికి చెప్పండి.

దాత ఇచ్చిన సొమ్ము కమిటీ చేతిలో అమానత్. పేరు చెక్కిన శిలాఫలకాన్ని ప్రారంభోత్సవం నాడు అందరూ చూస్తారు. ఆ కిటికీ తెరుచుకుంటుందో లేదో మాత్రం ఏళ్ళ తరబడి, రాత్రివేళ దగ్గుతూ పడుకున్న రోగికే తెలుస్తుంది. లెక్క చూసుకోవలసింది అతని దగ్గర.