కంప్యూటరు కొనుటలో చాలినంత బలము



ఈ నెల మాకు వచ్చిన జాబులలో రెండు జాబులు ఒక్క విషయమునే రెండు వైపులనుండి చూపుచున్నవి. నందిగామ దాపునుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె రవికెలకు మగ్గపుపని చేయును. నమూనాలు గీసికొనుటకును, ముగిసిన పనిని చిన్న వీడియోలుగా కూర్చి గిరాకీదారులకు చూపుటకును ఆమెకు కంప్యూటరు కావలసియున్నది. పట్టణములోని దుకాణదారుడు 1,20,000 రూపాయల యంత్రమును చూపి, వీడియో పనికి ఇంతకు తగ్గినది పనికిరాదని చెప్పెనట. దానికొఱకు చేతి గాజులు కుదువ పెట్టుటయా, వాయిదాలమీద తెచ్చుటయా అని యింటిలో ఆలోచన జరుగుచున్నది. జగ్గయ్యపేటనుండి ఒక తల్లి వ్రాసినది మఱియొక విధము. ఆమె కూతురు యానిమేషను విద్య నేర్చుచున్నది. అన్న వాడి విడిచిన పాత ల్యాప్‌టాప్ ఆడపిల్లకు చాలదా యని బంధువులు అనుచున్నారట.

ఒకచోట అవసరమును మించిన బలము, మఱియొకచోట అవసరమునకు అందని బలము. రెండును నష్టములే. మొదటిది ధనమును తినివేయును. రెండవది విద్యను తినివేయును. యంత్రమెంత గొప్పదని అడుగుటకు ముందు మన పని యెంతటిదని అడుగుకొన్నచో ఈ రెండు నష్టములును తప్పును.

ముందుగా యంత్రములోని అంగములను తెలిసికొందము. ప్రాసెసరు వంట చేయు చేయి వంటిది. ర్యామ్ అనబడు మెమొరీ వంటగట్టు వంటిది; గట్టు ఇఱుకైనచో గిన్నెలను మాటిమాటికి దించి యెత్తవలసి వచ్చును, పని కుంటును. ఎస్ఎస్‌డి కొట్టుగది వంటిది. సరకు అక్కడ నిలువయుండును. గ్రాఫిక్స్ కార్డు వడియములు పెట్టు దినమున వచ్చిన ఇరుగుపొరుగు వంటిది. పదిమందియు ఒకే తీరు చిన్న పనిని ఒక్కసారిగా చేయుదురు. వడియములకు వారు కావలెను గాని, చారు కాచుటకు పదిమందిని పిలుచువారు లేరు. కొన్ని పనులకు గ్రాఫిక్స్ కార్డు మిక్కిలి అవసరమనియు, కొన్నింటికి అది ఊరక కూర్చుండుననియు దీనివలన తెలియును.

ఇక పనులను వరుసగా చూతము. తెలుగులో వ్రాయుట, పుస్తకపు పుటలు కూర్చుట, శుభలేఖలు దిద్దుట, ఇవి తేలిక పనులు. 8 గిగాబైట్ల మెమొరీతో సాగును. వేఱుగా గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. ఈ పనిలో కన్నులకు హాయినిచ్చు తెఱ, మంచి కీబోర్డు, ఇవియే సుఖము నిచ్చును.

బొమ్మలు గీయుటకు లెక్క యొకటి చెప్పెదము. ఏ4 కాగితమును అచ్చుకు తగినట్లు అంగుళమునకు 300 చుక్కల వంతున గీసినచో, ఆ బొమ్మలో 2480 అడ్డము, 3508 నిలువు, మొత్తము 87 లక్షల చుక్కలుండును. చుక్కకు 4 బైట్ల వంతున ఒక పొరకు ఇంచుమించు 35 మెగాబైట్లు. మగ్గపు నమూనాలో జరీ యొక పొర, పూసలొక పొర, అద్దములొక పొరగా 20 పొరలు వేసినను 700 మెగాబైట్లే. వెనుకటి యడుగులను జ్ఞాపకముంచుకొనుటకు, తక్కిన ప్రోగ్రాములకు ఇంకను కొంత పట్టును. అట్లయినను 16 గిగాబైట్ల గట్టుమీద ఈ వంట సుఖముగా నడచును. క్రిత, గింప్, ఇంక్‌స్కేప్ అను ప్రోగ్రాములు వెల లేకయే లభించును. చేతితో గీయువారికి యంత్రపు బలముకంటె కలముతో గీయు పలక, అనగా పెన్ ట్యాబ్లెట్, ఎక్కువ ఉపకారము చేయును.

వీడియో దగ్గరనే దుకాణదారులు మనలను భయపెట్టుదురు. ఫుల్ హెచ్‌డి చిత్రములో 1920 అడ్డము, 1080 నిలువు చుక్కలు. 4కె చిత్రములో 3840 అడ్డము, 2160 నిలువు. అనగా 4కె యంత్రముమీద నాలుగింతల బరువు. మన వీడియోలను చూచువారు తఱచుగా అఱచేతిలోని ఫోనులోనే చూచుచున్నారు కావున మొదట ఫుల్ హెచ్‌డిలో తీయుట వివేకము. తప్పక 4కె కావలసినచో ప్రాక్సీ యను ఉపాయము కలదు. పెద్ద వీడియోకు చిన్న ప్రతిని చేసికొని, కత్తిరింపులన్నియు ఆ చిన్న ప్రతిమీద జరిపి, తుదకు పెద్దదానిని వెలువరించుట. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అను ఉచిత ప్రోగ్రాములలోను ఈ సదుపాయమున్నది. తుది వెలువరింపునకు ఎక్కువ సేపు పట్టుననుట నిజమే. ఆ వేళ మనము పప్పు రుబ్బుకొనవచ్చును. కాని కత్తిరించు వేళ యంత్రము కుంటినచో మన బుద్ధియే కుంటును. కావున ఏ ఆలస్యము మన చేతిని ఆపునో దానికి ధనము వెచ్చింపవలెను. మనము లేనప్పుడు జరుగు ఆలస్యమును ఓర్చుకొనవచ్చును.

నిలువ స్థలమును మఱవరాదు. 4కె వీడియో నిమిషమునకు 350 మెగాబైట్లనుకొన్నచో గంటకు 21 గిగాబైట్లు. ఫోనునుబట్టి ఇది హెచ్చుతగ్గులగును. లోపల 512 గిగాబైట్ల ఎస్ఎస్‌డి, బయట ప్రతి పెట్టుకొనుటకు ఒక హార్డుడిస్కు ఉండుట మేలు. ఒక్కచోటనే దాచిన పని, ఒక్క తాళపుచెవిగల పెట్టెలోని సొమ్ము వంటిది.

మన తెలుగునాట వీడియోలతో కీర్తిగన్న స్త్రీలను చూడుడు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామపు కర్రె మస్తానమ్మగారు నూఱేండ్లు దాటిన వయస్సున ఆరుబయట కట్టెలపొయ్యిపై వండుచుండగా, ఆమె మునిమనుమల తరమువారు ఆ వంటలను యూట్యూబులో కంట్రీ ఫుడ్స్ పేర చూపిరి. 2018 డిసెంబరులో ఆమె గతించునాటికి పది లక్షలకు మించిన చందాదారులుండిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గ్రామమున 2012లో మొదలైన మై విలేజ్ షో గంగవ్వగారిని ఇంటింటి మనిషిని చేసినది. చూచువారు ఆ చేతులను, ఆ మాటను, ఆ నవ్వును చూచిరి గాని కూర్చిన యంత్రపు బలమును అడుగలేదు.

అయితే బలము నిజముగా కావలసిన పనియు కలదు. ‘ఈగ’ చిత్రము 2012లో వచ్చినది. అందు కథానాయకుడైన ఈగను కంప్యూటరులోనే పుట్టించి, నడిపించి, వెలుగునీడలు కల్పించిన హైదరాబాదు మకుట సంస్థకు ఆ యేటి జాతీయ పురస్కారము లభించినది. ఇట్టి పనిలో ప్రతి చిత్రమునకు వెలుగు ఎటునుండి వచ్చి ఎటు పడునో యంత్రము లెక్కింపవలెను. సెకనుకు 24 చిత్రములైనచో నిమిషమునకు 1,440 చిత్రములు. ఒక్కొక్కటి 2 నిమిషములు పట్టినచో ఒక నిమిషపు కథకు 48 గంటలు! ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు విలాసము కాదు, పనిముట్టు. బ్లెండరు అను ఉచిత ప్రోగ్రామును చేయువారు కనీసముగా 8 గిగాబైట్ల మెమొరీని, 2 గిగాబైట్ల గ్రాఫిక్స్ మెమొరీని చెప్పుచు, సుఖముగా సాగుటకు 32, 8 గిగాబైట్లను సిఫారసు చేయుచున్నారు.

మన సీమ సంగతి వేఱుగా చెప్పవలెను. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము పాత కృష్ణాజిల్లా మెట్టసీమయే. ఇచట వేసవి యెండ యెట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. వేడి హెచ్చినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. పలుచని ల్యాప్‌టాపులో మిక్కిలి బలముగల అంగములను ఇఱికించినచో, మిట్టమధ్యాహ్నమున రేకుల యింటిలో ఆ బలము కాగితముమీదనే నిలుచును. గాలి యాడు చోట, మంచముమీద గాక బల్లమీద పెట్టి పనిచేయుడు.

విద్యుత్తు లెక్కయు చూడుడు. పెద్ద గ్రాఫిక్స్ కార్డుగల యంత్రము బరువైన పనిలో 500 వాట్లు తీసికొన్నచో, దినమునకు 4 గంటలకు 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. 50 వాట్ల ల్యాప్‌టాప్ అదే కాలమునకు నెలకు 6 యూనిట్లే. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాపునకు దాని బ్యాటరీయే దిక్కు. డెస్క్‌టాపునకు యూపీఎస్ కావలెను. సాధారణపు 600 వి.ఏ. యూపీఎస్ 360 వాట్లకు మించి మోయజాలదు. పెద్ద యంత్రమును కొన్నవారు పెద్ద యూపీఎస్ కూడ కొనవలెనని దుకాణములో ముందుగా చెప్పరు.

పాత యంత్రమును కొనువారికి ఒక మాట. విండోస్ 10కు సాధారణ మరమ్మతు సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరులలో ఇంచుమించుగా 8వ తరమును, ఆ పిమ్మటివియు తగును. అంతకు పాతదైనచో లినక్సు వేసికొని నేర్చుకొను ఓపిక యున్నప్పుడే కొనుడు. మఱియు కొన్ని ల్యాప్‌టాపులలో మెమొరీ అతికించబడియుండును. తరువాత పెంచుటకు వీలు లేదు. పెంచుకొను చోటు ఖాళీగా నున్నదా యని అడిగి తెలిసికొనవలెను. 2025 చివరినుండి మెమొరీ ధరలు లోకమంతట పెరిగినవి గనుక, తరువాత చౌకగా వేయించుకొందమను నమ్మకముతో మరీ తక్కువ కొనుటయు మంచిది కాదు.

యంత్రపు బలముచే తీఱని చిక్కు ఒకటి కలదు. ఫోటోషాపు వంటి ప్రోగ్రాములలో తెలుగు టైపు చేయగా వత్తులు విడిపోయి, గుణింతములు చెదరిపోయినచో, యంత్రము చాలదని అనుకొనకుడు. భారతీయ లిపులకు తగిన టెక్స్టు కూర్పు ఏర్పాటును అందులో ఎన్నుకొనవలెను. 1991 నాటి యూనికోడు మొదటి కూర్పునుండియు తెలుగునకు స్థానమున్నది. పాత డీటీపీ పద్ధతి ఫాంటులతో వ్రాసినది మాత్రము వేఱొకచోట తెఱచినచో అర్థము కాని గుర్తులుగా కనబడును. పది లక్షల యంత్రమైనను దీనిని తనంతట మార్చదు.

కొనుటకు ముందు పరీక్ష యెట్లు? తెలిసినవారి కంప్యూటరుమీదనో, కంప్యూటరు సెంటరులోనో మీ సొంత పనినే ఒక గంట చేయుడు. విండోసులో టాస్క్ మేనేజరును తెఱచి చూడుడు. మెమొరీ నిండియున్నచో గట్టు చాలలేదు. ప్రాసెసరు నూటికి నూఱు చూపుచున్నచో చేయి చాలలేదు. గ్రాఫిక్స్ గీత కదలక పడియున్నచో, దానికై ధనము పోయనక్కఱలేదు. ఈ సాక్ష్యమును చేతబట్టుకొని విజయవాడకో హైదరాబాదుకో వెళ్లినవారిని మాటలతో మభ్యపెట్టుట సులభము కాదు.

ఇక మా సమాధానములు. నందిగామ సోదరీ! 16 గిగాబైట్ల మెమొరీ, 512 గిగాబైట్ల ఎస్ఎస్‌డి, ఇటీవలి మధ్యతరగతి ప్రాసెసరు, అందులోనే యిమిడియున్న గ్రాఫిక్స్, రంగులను నిజముగా చూపు తెఱ, ఒక పెన్ ట్యాబ్లెట్, ఇవి మీ పనికి చాలును. జరీ రంగు తెఱమీద ఒకటి, గుడ్డమీద ఒకటి యైనచో గిరాకీదారు నమ్మకము పోవును గనుక తెఱవిషయమున పిసినితనము వలదు. నెలకు 8,000 రూపాయలు మీకు వచ్చునని వ్రాసితిరి. 1,20,000 రూపాయలను 24 నెలలలో తీర్చవలెనన్నచో వడ్డీ గాక అసలే నెలకు 5,000. మిగిలిన 3,000లో దారములు, పూసలు, యింటి ఖర్చులు తీఱునా? గాజులు మీ చేతులకే యుండనిండు.

జగ్గయ్యపేట తల్లీ! మీ యింటి పాత ల్యాప్‌టాపులో 4 గిగాబైట్ల మెమొరీ మాత్రమే యున్నదనియు, గ్రాఫిక్స్ కార్డు లేదనియు వ్రాసితిరి. యానిమేషను విద్యకు అది చాలదు. అక్షరములు దిద్దుటకు పలక ఎట్టిదో, ఆ పిల్లకు తగిన యంత్రము అట్టిది. ఉపాధ్యాయులను అడిగి ఏ ప్రోగ్రాములు నేర్పుదురో తెలిసికొని, 8 గిగాబైట్ల గ్రాఫిక్స్ మెమొరీగల డెస్క్‌టాపును, 32 గిగాబైట్లవరకు పెంచవచ్చునట్టి దానిని చూడుడు. ఒకే ధరకు ల్యాప్‌టాపుకంటె డెస్క్‌టాపులో బలమెక్కువ, మరమ్మతు సులభము. కొడుకు ఇంజనీరింగులో చేరినప్పుడు క్రొత్త ల్యాప్‌టాపును వాదము లేకయే కొంటిమని మీరే వ్రాసితిరి. కూతురు విద్యకును అదే కొలమానమును పట్టుడని బంధువులతో నెమ్మదిగా చెప్పుడు.

ఈ విషయమై ఇకముందు మాకు జాబు వ్రాయు సోదరీమణులు ధరను మాత్రము వ్రాసి ఊరకుండక, ఏ పని చేయుదురో, వారమునకు ఎన్ని గంటలో, ఇంట కరెంటు వసతి యెట్లున్నదో, అప్పు లేకుండ ఎంత వెచ్చింపగలరో, ఈ నాలుగింటిని తప్పక తెలుపవలెనని ప్రార్థన.