హారం లేని లెక్కలు

ఖరగ్‌పూర్ ఐఐటీ 1951లో మొదలైంది ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. అక్కడే 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కాల్పులు జరిగాయి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఖైదీలే దాడికి దిగారని, కాపలావాళ్లు ఆత్మరక్షణ కోసం కాల్చారని ప్రభుత్వం మొదట చెప్పింది. రవీంద్రనాథ్ ఠాగూర్ సహా ఎందరో నిరసన తెలిపాక విచారణ కమిటీ వేయక తప్పలేదు. అలా విచక్షణ లేకుండా కాల్పులు జరపడానికి ఏ సమర్థనా లేదని ఆ కమిటీ తేల్చింది.

ఎవరి అధీనంలో మనిషి చనిపోయాడో, ఆ చావుకు కారణమూ వాళ్లే చెబితే ఏమవుతుందో హిజ్లీకి అప్పుడే తెలుసు. తొంభై ఏళ్ల తర్వాత అదే ప్రాంగణంలో ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది.

2022 అక్టోబరులో అస్సాంకు చెందిన ఒక విద్యార్థి ఐఐటీ హాస్టల్‌లో శవమై కనిపించాడు. అది ఆత్మహత్య అన్నారు. తల్లిదండ్రులు నమ్మలేదు, కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. 2023లో కోర్టు ఆదేశంతో ఖననం చేసిన దేహాన్ని వెలికితీసి రెండోసారి శవపరీక్ష చేశారు. అది హత్య కావచ్చని నిపుణుడి నివేదిక చెప్పడంతో కోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. నిజం ఏమిటో దర్యాప్తు, న్యాయస్థానం తేల్చాలి. కానీ ఒక సంగతి మాత్రం ఇప్పుడే స్పష్టం. ఆ తల్లిదండ్రులు కోర్టు మెట్లు ఎక్కకపోయి ఉంటే ఆ మరణం ఆత్మహత్యల పట్టికలో ఒక అంకెగా మిగిలిపోయేది. మన దగ్గరున్న గణాంకాలన్నీ ఇలాంటి మొదటి నమోదుల మీద నిలబడ్డవే.

ఇక ఆ గణాంకాల సంగతి. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల పట్టికలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, ప్రేమ వ్యవహారాలు, పరీక్షల్లో వైఫల్యం ఉంటాయి. కుల వివక్ష అనే గడి లేదు. గడే లేని కారణం ఏ ఏడాదీ లెక్కకు రాదు. ఆ తర్వాత, కులం వల్ల చనిపోయినట్టు ఆధారం ఎక్కడుందని మనల్నే అడుగుతారు.

కులం వారీ లెక్క ఒకసారి పార్లమెంటు ద్వారా బయటికొచ్చింది. 2014 నుంచి 2021 వరకు ఐఐటీలు, ఎన్ఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల వంటి కేంద్ర విద్యాసంస్థల్లో 122 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని 2021 డిసెంబరులో విద్యాశాఖ లోక్‌సభకు చెప్పింది. వారిలో ఎస్సీలు 24, ఎస్టీలు 3, ఓబీసీలు 41. మన సభల్లో, పోస్టర్లలో ఈ అంకెలు చాలాసార్లు కనిపించాయి. సగానికి పైగా మనవాళ్లే అన్నాం. నిజమే, 122లో 68 మంది. కానీ ఈ వర్గాలకు కలిపి రిజర్వేషన్ 49.5 శాతం ఉన్నచోట ఆ ఒక్క మాట దేన్నీ రుజువు చేయదు.

విడదీసి చూస్తే ఎస్సీలు దాదాపు 20 శాతం, వారి రిజర్వేషన్ 15 శాతం. ఎస్టీలు రెండున్నర శాతం, వారి రిజర్వేషన్ ఏడున్నర. దీన్నిబట్టి ఆదివాసీ విద్యార్థులు క్షేమంగా ఉన్నారని అనగలమా? అనలేం. ఎన్ని సీట్లు నిండాయో, చేరినవారిలో ఎందరు మధ్యలో వెళ్లిపోయారో తెలియాలి. అవమానం భరించలేక రెండో సెమిస్టర్‌లో ఇంటికెళ్లిపోయిన పిల్ల ఈ లెక్కలో ఎక్కడా ఉండదు. ప్రభుత్వం మనకు లవం మాత్రమే ఇచ్చింది. ఏ సంస్థలో, ఏ కోర్సులో, ఏ వర్గం వారు ఎందరు, ఎన్నేళ్లు ఉన్నారనే హారం దాని పక్కన లేదు.

హారం లేని లెక్కతో ఎదుటివారూ ఆడుకుంటారు. 2022లో దేశంలో ఆత్మహత్యల రేటు లక్షకు 12.4. పదిహేను వేల మంది ఉన్న ప్రాంగణంలో ఈ లెక్కన ఏడాదికి ఇద్దరు. కాబట్టి ఒకటి రెండు మరణాలు సహజమేనని ఎవరైనా వాదించవచ్చు. ప్రజారోగ్య శాస్త్రంలో ఈ పొరపాటుకు ఒక పేరే ఉంది: ఆరోగ్యవంత కార్మికుల ప్రభావం. ఫ్యాక్టరీలో పనికి కుదిరేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కనుక వాళ్ల మరణాలను మొత్తం జనాభాతో పోలిస్తే ఫ్యాక్టరీలోని ప్రమాదం కనబడకుండా పోతుంది. వడగట్టి ఎంపిక చేసుకున్న యువకులను దేశ సగటుతో పోల్చడమూ అంతే. పైగా ఒక్క ప్రాంగణంలో ఒక్క ఏడాది అంకె చాలా చిన్నది, ఏటా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే పదేళ్ల లెక్క కావాలి, సాటి సంస్థలతో పోలిక కావాలి.

లెక్కించడం రాజకీయమని మనకు నేర్పినవాడు అంబేడ్కర్. 1932లో లోథియన్ ఓటుహక్కు కమిటీ సభ్యుడిగా ఉన్నప్పుడు, తమ రాష్ట్రాల్లో అంటరానివారు లేరని, ఉన్నా కొద్దిమందేనని సవర్ణులు వాదించడం ఆయన చూశారు. జనాభాకు ప్రాతినిధ్యం ముడిపడగానే ఆ జనాభాయే కరిగిపోవడం మొదలైందని తర్వాత రాశారు. 2016లో చనిపోయిన రోహిత్ వేముల విషయంలోనూ అదే తీరు. 2024లో తెలంగాణ పోలీసులు వేసిన ముగింపు నివేదిక అతను ఎస్సీయే కాదంది. ఎందుకు చనిపోయాడన్న ప్రశ్న ఏ కులంవాడన్న ప్రశ్నగా మారిపోయింది. నిరసనలు రావడంతో మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు.

2025 మార్చి 24న, ఢిల్లీ ఐఐటీలో చనిపోయిన ఇద్దరు ఎస్సీ విద్యార్థుల తల్లిదండ్రుల కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్ నమోదు చేయమంది. విద్యార్థుల ఆత్మహత్యలపై జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. ఆ ఏడాదే ఖరగ్‌పూర్ మరణాల గురించీ ప్రశ్నించింది.

మనం అడగాల్సినవి మూడు. ప్రాంగణంలో జరిగే ప్రతి అనుమానాస్పద మరణాన్నీ సంస్థతో సంబంధం లేనివాళ్లు విచారించాలి. కారణాల పట్టికలో వివక్షకు చోటుండాలి. ప్రతి కేంద్ర విద్యాసంస్థ ఏటా చేరికలు, మధ్యలో మానేసినవారు, మరణాలు వర్గాల వారీగా, పేర్లు లేకుండా ప్రకటించాలి. ఆ లెక్క మన అనుమానానికి విరుద్ధంగా వచ్చినా ఒప్పుకునే నిజాయితీ మనకుండాలి. లేకపోతే మన పోస్టర్‌కూ వాళ్ల ప్రకటనకూ తేడా ఉండదు.

రైల్వే పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. ఇప్పుడు తెలుగు పిల్లలు అదే స్టేషన్‌లో దిగి హిజ్లీ వైపు చదువుకు వెళ్తున్నారు. వాళ్లలో ఒకరు తిరిగి రాకపోతే సంస్థ సంతాపసభ పెట్టి ఫొటోకు హారం వేస్తుంది. తల్లిదండ్రులకు కావాల్సింది లెక్కలోని హారం.

(మనసు కుంగిపోయి సాయం కావాలనుకునేవారు టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.)