సీసపు కోటు ధరించువారు



గుండెకు స్టెంటు వేయించుకొని వచ్చినవారు నేడు మన పల్లెలలో కనబడుచున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది మొదలు పేదలకును ఈ వైద్యము అందుచున్నది. రోగి బాగుపడి ఇంటికి వచ్చును. అయితే క్యాథ్‌ల్యాబులో అతని ప్రక్కన నిలిచిన డాక్టరు, నర్సు, టెక్నీషియను తరువాతి రోగి కొరకు అక్కడనే నిలిచియుందురు. వరంగల్లు పరిసరముల నుండి మన పిల్లలును ఈ ఉద్యోగములకు వెళ్లుచున్నారు గనుక మేమీ సంగతి వ్రాయుచున్నాము.

చేతి లేక తొడ రక్తనాళము గుండా సన్నని గొట్టమును గుండెకు పంపునప్పుడు దారి చూపునది ఎక్స్‌రే. ఆ కిరణములు రోగి శరీరమునకు తగిలి నలుదిక్కులకు చెదరును. ప్రక్కనున్నవారికి ముఖ్యముగా సోకునవి ఇవే. అవసరమున్న రోగి దీనికి జడిసి వైద్యము మానుకొనరాదు. అతనికది ఒకటి రెండు మారులే. సిబ్బందికైతే ఏండ్ల తరబడి. కంటిలో శుక్లములు రావచ్చును, క్యాన్సరు అపాయము కొంత పెరుగును.

రాంట్‌జన్ 1895లో ఈ కిరణములను కనుగొనెను. వాటితో పనిచేసిన ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ 1904లోనే మరణించెను. ఇట్టివారి జ్ఞాపకార్థము 1936లో జర్మనీలోని హాంబర్గులో నిలిపిన రాతిమీద 169 పేర్లు చెక్కిరి.

నేడు కాపుదల ఉన్నది. సీసపు ఏప్రాను, మెడకు పట్టీ, సీసపు కళ్లద్దములు, పైనుండి వ్రేలాడు అద్దపు తెర. ఏప్రాను బరువని విసుగుకొందురు, నిజమే, బరువే! దానిని మడత పెట్టరాదు. లోపల పగుళ్లు వచ్చును. దూరము రెట్టింపైన, సోకునది సుమారు నాలుగవ వంతగును. వెనుకకు జరుగుటకు ఖర్చేమున్నది?

ఏప్రాను లోపల రొమ్ముమీద ధరించు టి.ఎల్.డి. బ్యాడ్జి కాపాడదు, లెక్క చూపును. మూడు నెలలకొకసారి దానిని పరీక్షకు పంపుదురు. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏటను 30 మించరాదు. లెక్క పెరిగిన ఉద్యోగమునకు చిక్కని బ్యాడ్జిని మేకుకు తగిలించి లోపలికి వెళ్లువారికి, లెక్క తప్పును గాని కిరణము తప్పదు.

తల్లిదండ్రులారా, పిల్లల జీతమెంతని అడుగుచున్నాము. నీ పేరిట బ్యాడ్జి ఇచ్చిరా, లెక్క నీకు చూపిరా అనియు అడుగుడి. కుమార్తెయో కోడలో అక్కడ పనిచేయుచున్నయెడల, గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే పైవారికి చెప్పుమనుడి. సిగ్గుచేతను, ఉద్యోగ భయముచేతను ఆ మాట దాచుదురు. అమ్మ చెప్పిన వినవచ్చును.