చైన్ సా కొనేటప్పుడు సీసీ కాదు, బ్రేకు చూడండి

చెట్లు కోసే మిషన్ గురించి చాలామంది అడుగుతున్నారు. మిషన్ విప్పి చూపించిన వీడియో పైన ఉంది. నా అభిప్రాయం మాత్రం ఇక్కడ రాస్తున్నా.

మొదటి మాట: అందరికీ ఇది అవసరం లేదు. గ్లైరిసీడియా, అవిస కొమ్మలు ఆచ్ఛాదనకి కొట్టుకోవడానికి కత్తి, చేతి రంపం చాలు. ముదురు మామిడి కొమ్మలు, గాలివానకి పడ్డ చెట్లు ఉంటేనే మిషన్ పని. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి కదా, అలాంటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో "58 సీసీ, 22 అంగుళాల బార్, తక్కువ ధర" అని చూసి ఆర్డర్ పెట్టేస్తున్నారు. తోట పనికి 40-45 సీసీ, 16 అంగుళాల బార్ సరిపోతుంది. బార్ పొడుగయ్యేకొద్దీ బరువు, అదుపు తప్పే ప్రమాదం రెండూ పెరుగుతాయి. బార్ కొన పైభాగం కొమ్మకి తగిలితే మిషన్ ఒక్కసారిగా మన ముఖం మీదకి ఎగురుతుంది. అప్పుడు కాపాడేది చైన్ బ్రేకే.

అందుకే కొట్టులోనే ఇవి చూడండి. ఇంజిన్ ఆపి, ముందు గార్డును ముందుకి నెట్టి, గ్లౌజు వేసుకుని చైన్ లాగితే కదలకూడదు. స్టార్ట్ చేసి రేస్ వదిలేస్తే చైన్ తిరగకూడదు. బార్, చైన్, ప్లగ్, ఫిల్టర్ ఆ కొట్లోనే దొరుకుతాయా, రిపేరు ఎవరు చేస్తారు అని అడగండి. సరైన జవాబు రాకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు.

పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కొలిచే కలపండి. 50:1 అంటే లీటరుకి 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. మీ మిషన్ పుస్తకంలో ఏది ఉంటే అదే. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇక మనలాంటి ప్రకృతి రైతులు ఆలోచించాల్సింది చైన్ ఆయిల్. అది తిరిగి ట్యాంకులోకి రాదు, మొత్తం పొట్టు మీద, నేల మీదే పడుతుంది. ట్రాక్టర్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పోస్తున్నారు చాలామంది. జీవామృతం పోసిన నేల మీద అది చల్లడం ఏం న్యాయం? కొత్త బార్ ఆయిలే వాడండి. మొక్కల నూనెతో చేసినది దొరికితే ఇంకా మంచిది, కాకపోతే పని అయ్యాక బార్, చైన్ శుభ్రం చేయాలి, లేదంటే జిగురు కడుతుంది.

ఏడాదిలో నాలుగు రోజుల పనికి ఇంటికొకటి ఎందుకు? ఐదుగురు కలిసి ఒక మంచి మిషన్ కొనండి. హెల్మెట్, కళ్లద్దాలు, కాళ్లకి రక్షణ ప్యాంటు కూడా ఆ డబ్బుల్లోనే లెక్క వేసుకోండి. నడిపే మనిషి ఒక్కడే ఉండాలి, వాడికి పని బాగా నేర్పించాలి. కొమ్మ మళ్లీ చిగురిస్తుంది, కాలు చిగురించదు.