కాకినాడ వెళ్తే కాజా కొనుక్కుని వచ్చేయకండి

మన వాళ్ళు ఎవరు కాకినాడ వెళ్ళొచ్చినా ఒకటే పాట. బీచ్‌లో ఫొటోలు, సుబ్బయ్య హోటల్లో భోజనం, ఓ కేజీ కోటయ్య కాజా. తప్పనట్లేదండీ, మొన్న నేనూ తిన్నాను, కొరికితే పాకం గడ్డం మీదకి కారింది. కానీ వరి పండించేవాడు ఆ ఊళ్ళో చూడాల్సింది వేరే ఉంది.

జగన్నాథపురం వంతెన మీద అరగంట నిలబడండి. కింద పడవలు, చేపల వాసన, పైన హారన్ల మోత. అక్కణ్ణించి రేవు వైపు వెళ్తే బియ్యం లారీలు. యాంకరేజి పోర్టులో లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. అందుకని బస్తాలు బార్జీల్లో వేసుకెళ్ళి, దూరంగా లంగరేసిన ఓడలోకి ఎక్కిస్తారు. హోప్ ఐలాండ్ అడ్డం ఉండబట్టి అలల పోటు తగ్గి ఆ పని సాగుతోంది. ఆ బియ్యం బెనిన్, సెనెగల్ లాంటి ఆఫ్రికా దేశాల దాకా పోతుంది.

మనమేమో కళ్ళంలో కూర్చుని తేమ 17 శాతం దాటిందా లేదా అని మిల్లరుతో కీచులాడుకుంటాం. ఆ మిల్లరు మనకిచ్చే రేటు ఈ రేవు తెరిచి ఉందా మూసి ఉందా అన్నదాన్ని బట్టే ఉంటుంది. 2023 జులై 20న కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మనం అప్పుడు ఊడ్పుల్లో ఉన్నాం, పెట్టుబడి మట్టిలో పెట్టేశాం. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో కొన్ని దేశాలకి తప్ప, తెల్ల బియ్యానికి 2024 సెప్టెంబరు 28 దాకా దారి లేదు. మనల్ని ఎవరడిగారు?

మద్దతు ధర ఉందిగా అంటారు. 2025-26కి సాధారణ రకం క్వింటా 2,369, అంటే 75 కేజీల బస్తా 1,777. అది మునిగిపోకుండా ఆపేదే. నాలుగు డబ్బులు మిగిలేది బయట గిరాకీ ఉన్నప్పుడు, సరిగ్గా అప్పుడే తలుపు వేస్తారు.

పేదోడికి చవగ్గా బియ్యం దొరకొద్దా అంటారు. దొరకాలండీ. ఆ ఖర్చు ఖజానా పెట్టాలి, కౌలు కట్టి పండించే నేనెందుకు పెట్టాలి?

ఎగుమతి ఆపదలిస్తే నారు పోయకముందే చెప్పాలి. ఒకసారి చెప్పాక ఆ పంట అమ్ముడయ్యే దాకా మార్చకూడదు. దాళ్వా నార్లు పోసే లోపు మన రైతు సేవా కేంద్రంలో ఈ రెండు మాటలతో అర్జీ పెడదాం. కాగితం నేను రాస్తాను, సంతకాలకి ఊరూరా నేనే వస్తాను.