తరమును విభజించు గీత

తరము అను మాటను మనము దినమునకు పదిమార్లు వాడుచుందుము. ఒక తరము ఎచ్చట ముగిసి మరియొకటి ఎచ్చట మొదలగునో చెప్పుమన్నచో తడబడుదుము. ఇంటిలో తాత, తండ్రి, మనుమడు అను లెక్క సులభము. సంఘమున ప్రతిదినము శిశువులు పుట్టుచునే యుందురు గదా! గీత ఎచ్చట గీయవలెను?

ఒకే కాలమున పుట్టినంతమాత్రమున ఒక తరము కాదనియు, యౌవనారంభమున ఒకే పెద్ద మార్పునకు లోనై దానిచే మనస్సులు రూపొందినవారే ఒక తరమనియు సామాజిక శాస్త్రజ్ఞుడు కార్ల్ మాన్‌హైమ్ 1928లో వ్రాసెను. నేడు పత్రికలు 1981 మొదలు 1996 వరకు పుట్టినవారిని ఒక తరముగను, పిమ్మటివారిని వేరొక తరముగను పేర్కొనుచున్నవి. ఆ గీతలు అమెరికాలో గీచినవి. నాయకరాజుల కాలమునుండి తమిళదేశమున స్థిరపడిన మన కుటుంబములకు అవి అతుకవు.

మన గీతలు వేరు. మొదటిది 1953 అక్టోబరు 1, ఆంధ్రరాష్ట్రము అవతరించిన దినము. ఉమ్మడి మదరాసు రాష్ట్రమున పెరిగిన మన పెద్దలకు తాము అల్పసంఖ్యాకులమన్న తలంపు లేదు. పిమ్మటివారు ఆ తలంపుతోనే పెరిగిరి. రెండవది 2006. ఆ యేటి చట్టముచే ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట పై తరగతులకు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. ఆనాడు బడిలో చేరిన బాలలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చిరి.

తమిళము నేర్చుట తప్పని మేమనము. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. మన బేరసారములన్నియు అందే సాగుచున్నవి. నేరమంతయు చట్టముపై మోపుటయు న్యాయము కాదు. నలుబది దాటిన మా యీడువారికి బడిలో ఆ అడ్డు లేకుండెను. అయినను మాలో పెక్కుమంది తెలుగు విడిచి ఇంగ్లీషు చదువునే కోరితిమి. ఫలితమేమి? తాత జాబు వ్రాయును. తండ్రి కూడబలుకుకొని చదువును. మనుమడు తెలుగు విని తమిళమున బదులు చెప్పును. అటకపైనున్న తాతగారి చిట్టా ఆవర్జాలు, ఇంటి దస్తావేజులు ఆ బాలునికి గీతలుగా మాత్రమే కనబడును.

ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధనకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చబడిన రాజ్యాంగపు 350-ఏ అధికరణము రాష్ట్రములను ఆదేశించుచున్నది. దానికై అర్జీలు పెట్టుట సంఘము పని. కాని అక్షరాభ్యాసమునకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. ఈ వేసవి సెలవులలో ప్రతి యింట పెద్దలు పిల్లలను చేరదీసి, దినమునకు అరగంట చొప్పున యాబదియారు అక్షరములు దిద్దింపవలెనని మా ప్రార్థన. వ్రాయగల తాతలు, అమ్మమ్మలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. వారుండగనే ఈ పని జరుగవలెను.