ప్రయోగశాల తాళం ఎవరు తీస్తారు?

సచార్ కమిటీ 2006 నివేదికను ఉదహరించని సభ మనకు లేదు. ప్రముఖ కళాశాలల్లోని డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలన్న మాట అందరికీ కంఠస్థమే. అయితే మన యాజమాన్యాల కింద నడిచే చిన్న కళాశాలల్లో రసాయనశాస్త్ర ప్రయోగశాల వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో అడిగేవారు అరుదు.

నిధులకు దారులు లేకపోలేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2000లో ఫిస్ట్ పథకాన్ని, బయోటెక్నాలజీ విభాగం 2008లో స్టార్ కాలేజీ పథకాన్ని ప్రారంభించాయి. రెండవది డిగ్రీ స్థాయి విజ్ఞానశాస్త్ర బోధనకే ఉద్దేశించినది. ఇటువంటి కేంద్ర గ్రాంట్లలో చాలావాటికి యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) గుర్తింపులే గడప. ఆ గడప దాటని కళాశాలకు ఎంత ప్రతిభగల విద్యార్థినులున్నా ప్రయోజనం స్వల్పం. గుర్తింపు కోసం స్థలపత్రాలు, అధ్యాపకుల నియామక పత్రాలు, ఆడిట్ నివేదికలు సిద్ధం కావాలి. మంజూరైన తరువాత వినియోగ ధ్రువపత్రం సకాలంలో వెళ్లాలి. లేకుంటే తదుపరి విడత ఆగిపోతుంది. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాబోటి వారికి ఇది బ్రహ్మవిద్య కాదు. ప్రతి పట్టణంలోనూ విశ్రాంత ఉద్యోగులున్నారు. కార్యవర్గ ఎన్నికలప్పుడు తప్ప వారిని పిలిచే అలవాటు మన సంఘాలకు లేదు!

ఇందువల్ల ప్రభుత్వ బాధ్యత తగ్గిపోదు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు 2022లో ప్రకటించారు. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ విద్యా ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024లో ఆదేశించారు. డిగ్రీలో విజ్ఞానశాస్త్రం చదివిన పిల్లవాడు పరిశోధనకు వెళ్లే మెట్టునే తొలగిస్తే, కింది మెట్టుకు ఎంత సున్నం వేసినా ఏమి లాభం? రాజ్యాంగంలోని 30(2) అధికరణం సహాయమిచ్చేటప్పుడు అల్పసంఖ్యాక సంస్థలపట్ల వివక్ష చూపరాదంటుంది. తప్పక సహాయమివ్వాలని మాత్రం అనదు. కనుక దరఖాస్తే పెట్టని కళాశాల వివక్షను నిరూపించజాలదు. తిరస్కరణకు గురైన దరఖాస్తు చేతిలో ఉన్నప్పుడే సమాచార హక్కు చట్టం కింద కారణం అడగగలం, న్యాయస్థానానికీ వెళ్లగలం.

గ్రాంటు వచ్చినచోట మరొక జబ్బు కనిపిస్తుంది. సూక్ష్మదర్శినులు కొంటారు, శిలాఫలకం వేస్తారు. ల్యాబ్ సహాయకుని పోస్టు ఖాళీగానే ఉంటుంది. ఆమ్లాలు నిండుకుంటే ప్రయోగాన్ని నల్లబల్లపై బొమ్మగా గీసి రికార్డు పుస్తకంలో సంతకం పెట్టేస్తారు. అటువంటి రికార్డుతో మన బిడ్డ ఔషధ పరిశ్రమలో నాణ్యతా పరీక్షల ఉద్యోగానికి వెళితే, మొదటి రోజే బ్యూరెట్ పట్టుకోవడం తెలియక తలదించుకోవాలి. తండ్రి ఆటో నడిపి కట్టిన ఫీజుకు దక్కేది ఇదేనా? సాటి కళాశాలలోని పిల్ల చేత్తో చేసి నేర్చుకున్న పనిని మన పిల్ల బొమ్మలో చూసి నేర్చుకోవాలా?

జకాత్ పేద విద్యార్థికి చేరాలి. దానిని గాజు పరికరాలకు మళ్లించవద్దు. సహాయకుని జీతానికి, రసాయనాలకు పూర్వ విద్యార్థుల నుండి వేరుగా చందా వసూలు చేసి, వేరు ఖాతాలో ఉంచాలి. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ప్రతి యాజమాన్యం 12(బి) స్థితిని, ప్రయోగశాల వేళలను నోటీసు బోర్డుపై ప్రకటించాలని కోరుతున్నాము. తల్లిదండ్రులు ప్రవేశ రుసుము కట్టే ముందు ఆ బోర్డు చూసి, ప్రయోగశాల తలుపు తీయించి లోపలికి వెళ్లి రావాలి.